పూలబుట్ట కింద చీటీ

కార్తీక శుక్రవారం, 1997

చెల్లి విజయ కాలేజీలో పాఠాలు చెప్పి వస్తూ ఈరోజూ ఇక్కడికే వచ్చింది. పాత శుభలేఖల వెనక ఇంగ్లీషు మాటలు రాసి, తమ్ముడి కూతురు లక్ష్మి చేత మూడు కుప్పలు వేయించింది. విడిగా నిలిచే ‘బుక్’ లాంటివి, రెండు కలిసి ఒకటైన ‘రెయిన్‌బో’ లాంటివి, వెనక తోక తగిలించుకున్న ‘డార్క్‌నెస్’ లాంటివి. తోకలకు వేరే చీటీలు.

రోజూ ఆ వేళకు లక్ష్మి నా పక్కన కూర్చుని దేవుడికి మాల కట్టేది. పిలిచాను.

“ఉండు పెద్దత్తా, ఈ ఒక్క కుప్పా!” అంది, తల ఎత్తకుండానే.

ఒక తోక చీటీ తీసి పూలబుట్ట కింద పెట్టాను. వాళ్ళు చాప దులిపి మరీ వెతికారు.

“అక్కా, ‘నెస్’ అని రాసిన చీటీ చూశావా?”

“నాకేం ఇంగ్లీషు వచ్చమ్మా?” అన్నాను. విజయ చదువు కోసమే నేను ఎనిమిదో తరగతితో ఆపేశాను. ఇది అసూయే. ఇంకో పేరు పెట్టుకోను.

లక్ష్మి క్యాలెండరు ముక్క తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. “నీ రాత గుండ్రంగా ఉంటుంది, నువ్వే రాసివ్వు పెద్దత్తా.”

విజయ చెబుతుంటే ఒక్కో అక్షరం రాశాను. హారతి వేళ అమ్మవారి ముఖం చూడలేకపోయాను.

నేను దాచిన మొదటి చీటీ ఈ డైరీ పేజీలోనే ఉంది. రేపు లక్ష్మి మాల కట్టడానికి వస్తే కుప్పలో కలిపేస్తాను. లేదు, రాకపోయినా కలిపేయాలి.