నిస్రీ పూలు కోయకముందే

తూనిస్,
ఏప్రిల్ 20.

అమ్మకు,

నీ రెండు చేతులూ ముద్దు పెట్టుకుని బేయా రాస్తున్న ఉత్తరం. నేనిక్కడ కులాసా. అక్కడ నువ్వూ నాన్నా కులాసాగా ఉన్నారనీ, నీ మోకాలు నిన్ను తోటలోకి దిగనిస్తోందనీ, కొండ నీళ్ళు మన కాలవలో ఇంకా పారుతున్నాయనీ అనుకుంటున్నాను.

ఈ ఉత్తరం పోస్టులో వేయలేదు. లువాజ్ బండి నడిపే హత్తాబ్ మామ చేతికిచ్చి, "మా అమ్మకు కాదు, పక్కింటి దుజా పిన్ని కోడలు యమీనాకి ఇవ్వు" అని రెండుసార్లు చెప్పాను. ఆయన బండిలోకి మనుషుల్ని ఎక్కిస్తున్నవాడల్లా ఆగి నా వంక చూశాడు.

"మీ రెండిళ్ళకీ మాటల్లేవని జగ్వాన్ ఊరంతటికీ తెలుసు కదమ్మా. మధ్యలో నన్నెందుకు ఇరికిస్తావ్?"

"అందుకే మామా, నీకిస్తున్నాను."

"నామీద వేడినీళ్ళు పోస్తే బండి నువ్వు నడుపుతావా?" అన్నాడు గానీ, తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

కాబట్టి ఇప్పుడు యమీనా వదిన ఈ కాగితాలు పట్టుకుని మన గుమ్మంలో నిలబడి ఉంటుంది. తనని లోపలికి రానివ్వు అమ్మా. పోస్టాఫీసు ముందు కూర్చునే రాతగాడి దగ్గరికి మాత్రం తీసుకెళ్ళకు. ఆయన చదివితే సగం మింగేస్తాడు, రాస్తే సొంత కవిత్వం కలుపుతాడు. పోయిన ఉత్తరంలో "ఓ నా కంటి వెలుగా, గుండె గూటి పావురమా" అని మొదలుపెట్టాడు. నువ్వు నన్ను ఎన్నడూ పావురం అనలేదు. గాడిద అన్నావు, చాలాసార్లు.

యమీనా వదినా, నువ్వు ఉన్నది ఉన్నట్టు చదువు. మీ అత్తగారు గోడ అవతల ఏదో పనున్నట్టు నిలబడి ఉంటే గొంతు కాస్త పెంచు.

ఇక నువ్వడిగిన వాటికి జవాబులు. తింటున్నావా అన్నావు. తింటున్నాను. హాస్టల్లో మంగళవారం మాకరోనీ, బుధవారం మాకరోనీ, గురువారం బుధవారం మిగిలిన మాకరోనీ. నువ్వు పంపిన హరీసా కారం ఉండబట్టి అవన్నీ గొంతు దిగుతున్నాయి. నా గదిలో ఉండే నైమాది స్ఫాక్స్ ఊరు, వాళ్ళమ్మ చేసిన హరీసా ముందు ఇదెంత అంటుంది. కానీ మన డబ్బాకే అడుగు కనిపిస్తోంది.

పూలు చేరాయా అన్నావు. చేరాయి. నారింజ పూల కొమ్మని తడిగుడ్డలో చుట్టింది బాగానే ఉంది, దాన్ని ఊరవేసిన మిరపకాయల డబ్బా పక్కన పెట్టావు, డబ్బా కారింది. మూడు రోజులు మా గదంతా నారింజ పూల వాసన, దాని కింద ఉప్పు మిరపకాయల వాసన. అయినా రేకులు వాడిపోలేదు. ఆ రోజే కూర్చుని పదకొండు బొమ్మలు గీసుకున్నాను.

చెయ్యి కోసుకుంటున్నావా అన్నావు. ఒక్కసారే, ఎడమ బొటనవేలు. మానిపోయింది.

నాలుగో ప్రశ్నకి జవాబు రాయడానికి రెండు రోజులు ఆలోచించాను. "మన వంశంలో అక్షరం ముక్క నేర్చిన మొదటిదానివి, నిన్ను చదువుకోమని పంపితే రబ్బరు చెక్కడం నేర్చుకుంటున్నావా" అని రాయించావు. అది రబ్బరు కాదమ్మా. లినోలియం. పెద్ద ఆఫీసుల్లో నేల మీద పరుస్తారే, అదే. నువ్వు పండక్కి మక్రూద్ చేసేటప్పుడు పిండి మీద చెక్క అచ్చు నొక్కుతావు కదా, ఆ అచ్చులో లోతుగా ఉన్నది పిండి మీద పైకి లేస్తుంది. నా పని దానికి చుట్టమే. లినోలియం పలక మీద ఉలితో చెక్కి, మిగిలిన మెరక మీద రోలరుతో నల్ల సిరా పూసి, కాగితం పరిచి రుద్దుతాను. చెక్కేసిన చోట తెలుపు, వదిలేసిన చోట నలుపు. చలికాలంలో ఆ పలక బిగుసుకుపోయి ఉలి దిగదు. అందుకని క్లాసులో అందరం పలకల మీద కూర్చుని వాటిని వేడెక్కిస్తాం, గుడ్లు పొదిగే కోళ్ళలా. ఎవరైనా కొత్తవాళ్ళు లోపలికి వస్తే నవ్వాపుకోలేరు.

ఈ ఏడాది నా పని నాలుగు పూలు. మన తోటలో ఏ కాలానికి ఏది పూస్తే అది. చలికాలానికి నర్గిస్, మార్చిలో నారింజ పువ్వు, మే నెలలో నిస్రీ గులాబీ, ఎండాకాలానికి మల్లె. నాలుగూ పూర్తయితేనే పై ఏడాదిలోకి పంపుతారు. మొదటి రెండూ అయిపోయాయి.

మొదటి నర్గిస్ ఎలా వచ్చిందో చెప్తాను, నువ్వు నవ్వుకోవచ్చు. పువ్వు గీతలన్నీ శ్రద్ధగా పలక మీద దించుకుని, ఆ గీతల వెంబడే చెక్కాను. అచ్చు తీస్తే పువ్వు బొగ్గులా వచ్చింది. నైమా దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "ఉల్లిగడ్డకి మొలకొచ్చిందా?" అంది. మా రషీదా మేడం మాత్రం నవ్వలేదు.

"మీ ఊళ్ళో నర్గిస్ నల్లగా పూస్తుందా?" అనడిగింది.

"లేదు మేడం, తెల్లగా."

"మరి తెలుపు ఎక్కణ్ణించి రావాలి? నువ్వు పువ్వుని దాచుకుని గీతల్ని చెక్కేశావు. పువ్వునే చెక్కెయ్. చుట్టూ ఉన్న చీకటిని ఉంచు."

ఆ మాట నాకు అర్థం కావడానికి వారం పట్టింది అమ్మా. ఇంతవరకు చదువంటే ఒకదాని మీద ఒకటి పేర్చుకోవడం అనుకున్నాను. ఇక్కడ తీసెయ్యడం నేర్చుకోవాలి, తీసేసింది తిరిగి అతకదు. చెయ్యి కొంచెం జారితే రేకు తెగిపోతుంది, మళ్ళీ కొత్త పలకే. మూడు పలకలు పాడుచేశాక నాలుగోదానికి నర్గిస్ తెల్లగా వచ్చింది. ఆ అచ్చు ఒకటి ఈ ఉత్తరంతో పెట్టాను. నాన్నకి చూపించు. కాడ ఎడమవైపుకి వంగిందేమిటి, మన గట్టు మీది మొక్క కుడికి వంగుతుంది కదా అంటాడు. అచ్చులో అన్నీ తిరగబడతాయని చెప్పు.

ఆ నర్గిస్‌నీ నారింజ పువ్వునీ మా కాలేజీ హాల్లో గోడకి పెట్టారు. పక్కన నా పేరు, ఊరి పేరు. నేను రోజూ ఆ దారినే వెళ్తున్నాను, అవసరం లేకపోయినా.

ఇక దుజా పిన్ని సంగతి.

జనవరి నుంచి ప్రతి ఉత్తరంలో "దుజా గురించి అడగొద్దు" అని రాయించావు. ఎందుకో తెలియకపోయినా నేను అడగలేదు. పది రోజుల కిందట వచ్చిన ఉత్తరంలో మాత్రం రాతగాడికి మొత్తం చెప్పేసినట్టున్నావు, ఆయన కూడా తన కవిత్వం మరచిపోయి రాశాడు. నీ ఒలీవ చెక్క చెంచా కనిపించలేదనీ, అంతకుముందు రోజు మన వంటింట్లోకి వచ్చింది పిన్ని ఒక్కతేననీ, గోడ దగ్గర నిలబడి, "నా చెంచా నడుచుకుంటూ మీ ఇంటికేమైనా వచ్చిందా దుజా?" అని నువ్వు అడిగావనీ.

దానికి పిన్ని, "దానికి కాళ్ళే ఉంటే నీ వంట చూడలేక ఎప్పుడో పారిపోయేది" అందట.

నువ్వు మధ్య తలుపు వేసేశావు. ఇప్పటికీ తీయలేదు. నారింజ పూలు మన చెట్టువి, రాగి బట్టీ పిన్నిది. నేను పుట్టకముందు నుంచీ ఇద్దరూ కలిసే పూలనీళ్ళు దించుతున్నారు. ఈసారి నువ్వు పంతానికి గొర్రె మాంసంతో కుస్కుస్ రవ్వ ఉడికించే గిన్నె మీద మూకుడు బోర్లించి, చుట్టూ గుడ్డ బిగించి నీళ్ళు దించావు. ఆ నీళ్ళు రెండు చుక్కలు కాఫీలో వేసుకుని నాన్న, "ఇందులో గొర్రె దిగి స్నానం చేసిందా?" అన్నాడట. ఇది చదివి నైమా, నేను చాలాసేపు నవ్వాం. తరువాత నాకు నవ్వు ఆగిపోయింది.

నారింజ పూలతో పోయింది సరే. నిస్రీ అలా కాదు. ఎండ కొండ దిగకముందే కొయ్యాలి, ఆ పూటే బట్టీ ఎక్కాలి, మధ్యాహ్నానికి వాసన ఉండదు. నువ్వు ఒక్కదానివే కొయ్యలేవు. పిన్ని బట్టీలోకి వెయ్యడానికి పిన్నికి మొక్క లేదు. పూలు విచ్చడానికి ఇంక రెండు వారాలే ఉంది.

అమ్మా, ఆ చెంచా నా దగ్గరుంది.

వదినా, ఆగకు, చదువు.

మా కాలేజీలో అచ్చు యంత్రం ఒక్కటే. పెద్ద క్లాసుల వాళ్ళ తరువాత మాకు వారానికి ఒక గంట వస్తుంది. ఆగలేనివాళ్ళు కాగితాన్ని చెక్క చెంచా వీపుతో రుద్ది అచ్చు తీసుకోండి అని డిసెంబరులో మేడం చెప్పింది. అందరూ క్యాంటీన్ ఇనప చెంచాలతో రుద్ది కాగితాలు చింపుకుంటున్నారు. సెలవులయ్యి బయల్దేరే పొద్దున నువ్వు మేకల దగ్గరున్నావు. వంటింట్లో నిలబడి నిన్ను అడుగుదామనే అనుకున్నాను. అడిగితే దేనికి అంటావు. కాగితం రుద్దడానికి అని నేను చెప్పాలి. తాతయ్య చెక్కి అమ్మమ్మ నీ పెళ్ళికిచ్చిన చెంచాతో కాగితం రుద్దుతానని నీ మొహం చూసి ఎలా చెప్పను? అడిగే ధైర్యం లేకపోయింది. తీసుకెళ్ళే ధైర్యం మాత్రం ఎక్కణ్ణించి వచ్చిందో వచ్చింది. స్వెటర్లో చుట్టి సంచి అడుగున పెట్టాను. రెండు వారాల్లో హత్తాబ్ మామ చేత పంపించేద్దాం, అమ్మ వెతికేలోపే మేకుకి తగిలించి ఉంటుంది అనుకున్నాను.

కానీ ఆ చెంచా వేరు అమ్మా. పాతికేళ్ళు శుక్రవారం శుక్రవారం నువ్వు కుస్కుస్ కలిపి కలిపి దాని వీపు గాజులా నునుపెక్కింది. కాగితం మీద జారుతుందే తప్ప చింపదు. దానితో తీసిన మొదటి తెల్ల నర్గిస్‌ని మేడం కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది.

"యంత్రం మీద కూడా నలుపు ఇంత నిండుగా రాదు. దేనితో రుద్దావ్?"

"మా ఇంటి చెంచాతో మేడం."

"మీ అమ్మ ఇచ్చిందా?"

క్లాసంతా వింటోంది. ఇచ్చిందన్నాను. "అయితే మీ అమ్మకి నా సలాం చెప్పు" అంది. ఆ సలాం మూడు నెలలుగా నా దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు చెప్తున్నాను.

చెంచా ఇప్పుడు వంటింటికి పనికిరాదు. సిరా అంటిన వేళ్ళతోనే పట్టుకున్నాను, నలుపు చెక్కలోకి ఇంకిపోయింది. సబ్బుతో కడిగాను, నిమ్మచెక్కతో తోమాను, బూడిద కూడా పెట్టాను. పోలేదు, సిరాలోని అవిసె నూనె వాసన కూడా పోలేదు. కనుక తిరిగి ఇచ్చి చేతులు దులుపుకునే దారి కూడా నాకు లేదు. నువ్వు ఏం చెయ్యమంటే అది చేస్తాను.

చెంచా కన్నా నన్ను కోసేది వేరే ఉంది. నేను పుట్టిన నెలలో నువ్వు జ్వరంతో మంచం పడితే నలభై రోజులు తన పిల్లాడితో పాటు నాకూ పాలిచ్చింది పిన్ని. ఆవిడ మూడు నెలలుగా నా మూలాన దొంగ అనిపించుకుంటోంది. ఉత్తరం చేరిన రాత్రే నిజం రాసేద్దామనుకున్నాను. రాస్తే రాతగాడు పోస్టాఫీసు ముందు బల్ల మీద అందరూ వినేలా చదువుతాడు. అప్పుడు నీ పరువు కూడా పోతుంది. నాలుగు ఉత్తరాలు రాసి చించేశాక యమీనా వదిన గుర్తొచ్చింది.

అమ్మా, నువ్వు ఎవరినీ క్షమించమని అడగక్కర్లేదు. తప్పు నాది కాబట్టి ఆ మాట నేనే అడుగుతున్నాను, వదిన నోటితో. దుజా పిన్నీ, చెంచా మీ ఇంటికి రాలేదు. నా సంచిలోకి వచ్చింది. నువ్వు తీయలేదని అమ్మ మనసుకి మొదటి రోజే తెలుసు. తెలియకపోతే ఇన్నాళ్ళు ఇంత కోపంగా ఉండేది కాదు. నన్ను క్షమించు. గోడ అవతల నిలబడి వినడం ఎందుకు, ఇవతలికి రా.

నేను మే మొదటి గురువారం వస్తున్నాను. నిస్రీ కోసే పొద్దున పొదల మధ్య కూర్చుని గీయాలి. మీరిద్దరూ కోస్తుంటే గీస్తాను. నువ్వు ఒక్కదానివే కోస్తుంటే నాకు ఆ పువ్వు గీయబుద్ధి కాదు, ఒక ఏడాది పోతే పోయింది. అప్పుడు కాగితం పక్కన పెట్టి నీతో పాటు కోస్తాను.

యమీనా వదినా, ఇక్కడ ఆగు. కాగితం దించి ఇద్దరి మొహాలూ చూడు. ఎవరూ ఏమీ అనకపోతే చెంచా దగ్గర నుంచి మళ్ళీ చదువు. అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంటే చూడనట్టు ఉండు. కానీ అమ్మ, "దీన్ని బడికి పంపడమే నా తప్పు" అని, ఆ వెంటనే పిన్ని, "నేను అప్పుడే చెప్పానా లేదా" అని, ఇద్దరూ కలిసి నన్ను తిట్టడం మొదలుపెడితే, ఇక చదవక్కర్లేదు. టీ పెట్టు.

ఇట్లు,
మీ ఇద్దరి కూతురు,
బేయా.