సర్కస్ గారి రెండో ఎస్సు

మార్చి 3, సోమవారం
నాన్న సైకిల్ షాపు మళ్లీ తెరుస్తున్నాను. శనివారమే ఓపెనింగ్. బోర్డు మీద ఏం రాయించాలో తేలక పొద్దుటి నుంచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. రెండు చేతులూ వదిలేసి సైకిల్ తొక్కేవాడని నాన్నని అందరూ సర్కస్ అనేవాళ్లు. షాపుకీ అదే పేరు. తెలుగులో అయితే 'సర్కస్ గారి' అంటే అయిపోయేది. ఈ వీధిలో బోర్డులన్నీ ఇంగ్లీషే. ఎస్‌తో ముగిసే పేరుకి ఇంకో ఎస్ తగిలించాలా, వద్దా?

మార్చి 4
అన్నయ్యకి ఫోన్ చేశాను. ఇంగ్లీషు మాస్టారు కదా. పేరు చివర నెత్తిమీద కామాలా పెట్టే ఆపస్ట్రఫీ ఒక్కటి చాలు, రెండో ఎస్ దండగ, పలకడానికి కూడా అసహ్యం అన్నాడు. ఓపెనింగ్‌కి రమ్మన్నాను. పేపర్లు దిద్దాలిట. ఆరేళ్లుగా అవే పేపర్లు!

అదే రోజు, సాయంత్రం
రాయకూడదనుకున్నాను గానీ కడుపు మండిపోతోంది. నాన్న షాపు ఫోన్ ఎత్తితే గొంతు సవరించుకుని, దర్జాగా, సర్కసెస్ అనేవాడు, సర్కస్ గారి షాపు అని. ఒకరోజు అన్నయ్య కస్టమర్ల ముందే, ఎన్ని సర్కస్‌లు నాన్నా, పులులెక్కడ కట్టేశావు అన్నాడు. అందరూ నవ్వారు. నాన్నా నవ్వాడు. ఆ తర్వాత మళ్లీ ఫోన్ ముట్టుకోలేదు. మోగితే నన్ను పిలిచేవాడు. నేను అన్నయ్యని నిలబెట్టి కడిగేశాను. అప్పటినుంచి అన్నయ్య షాపు గడప తొక్కలేదు. నాన్న పోయి ఏడాది. ఇంత ఇంగ్లీషు వచ్చిన మనిషికి సారీ అన్న మాట మాత్రం రాలేదు.
అన్నయ్య రాకపోతే షట్టర్ నేనొక్కదాన్నే ఎత్తాలి. ఎత్తగలను. ఎత్తాలని లేదు.

మార్చి 5
బోర్డు మీద ఏం రాయమంటావమ్మా అని పెయింటర్ ఫోన్ చేశాడు. నోటికి నాన్న మాటే వచ్చింది. సర్కసెస్.

మార్చి 7, ఉదయం 11
కొంప మునిగింది. పెయింటర్ విన్నది విన్నట్టే రాసిపోయాడు. ఎస్ తర్వాత 'ఈ' అక్షరం, దాని పక్కన ఇంకో ఎస్. ఆపస్ట్రఫీ ఊసే లేదు. నాన్న ఒక్కడు కాస్తా బోలెడు సర్కస్‌లైపోయాడు! పక్కషాపు టైలరక్క టికెట్ ఎంతే అని అడిగింది. పెయింటర్‌ని నిలదీస్తే, నెత్తిమీద కామా చెవికి వినపడుతుందా అమ్మా అన్నాడు. దిద్దడానికి ఆదివారం దాకా రాలేడట.
ఫోటో తీసి అన్నయ్యకి పంపాను. దానికింద నేను ఒక్క ముక్క కూడా రాయలేదు.

సాయంత్రం 5.30
తప్పు కనిపిస్తే అన్నయ్య చెయ్యి ఊరుకోదు. స్కూలు నుంచి నేరుగా వచ్చేశాడు, జేబులో ఎర్ర పెన్నుతో సహా. స్టూలెక్కి బ్లేడుతో గీకాడు. 'ఈ' అక్షరం పోయింది. ఆ ఖాళీలో, పెయింటర్ వదిలేసిన డబ్బా అడుగున మిగిలిన పెయింటుతో ఆపస్ట్రఫీ పెట్టాడు. ఇక చివరి ఎస్. తన రూలు ప్రకారం అదీ పోవాలి. బ్లేడు దానిమీద ఆనించి ఆగాడు. గీకు, గీకి చూడు, స్టూలు లాగేస్తా అనుకున్నాను.
గీకలేదు. ఉండనీవే, అది నాన్నది అన్నాడు.
ఇద్దరం ఏడ్చాం. స్టూలు మీద ఒకరు, కింద ఒకరు.

మార్చి 8
షట్టర్ ఇద్దరం ఎత్తాం. ఫోన్ మోగింది. నా చేతుల నిండా గ్రీజు. అన్నయ్య ఎత్తాడు. గొంతు సవరించుకున్నాడు.
సర్కసెస్, అన్నాడు.