కుడి రెక్క జాలీ

బోధన్,
బుధవారం పొద్దున.

చిరంజీవి జ్యోతిరాణికి బాపు దీవించి రాసేది. ఇక్కడ నేను, మీ అవ్వ క్షేమమే. నువ్వూ క్షేమంగా ఉండాలని ఎప్పుడూ రాసే మాటే ఈసారి రెండుసార్లు రాయాలనిపిస్తోంది. తొందరలో రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు.

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. అవ్వ మోకాలి గురించి అడిగావు. నిజామాబాద్ డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు. ఆమె రోజుకు నాలుగుసార్లు మిద్దె ఎక్కుతూనే ఉంది, చెబితే నా మీదే లేస్తుంది. చెరుకు సంగతి అడిగావు. రెంజల్ వైపు చాలామంది వరికి మళ్లారు. మూతపడిన మా చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు నుంచి పోతుంటే నా కాళ్లు ఇప్పటికీ షిఫ్టుకన్నట్టు అటే తిరుగుతాయి.

ఇక మూడో సంగతి. గురువారం పొద్దున తొమ్మిదిన్నరకు మీ కంపెనీ కొత్త విమానం మొదటిసారి లేస్తుందని, పైలెట్ పక్కన నువ్వే కూర్చుంటావని రాశావు. కుడి రెక్క జాలీ మా బాపు చేతి పని, మళ్లీ చూడక్కర్లేదని అందరికీ చెప్పానని కూడా రాశావు. ఆ ముక్క అవ్వకు చదివి వినిపించలేకపోయాను.

దసరాకు ముందు నువ్వు ఆ జాలీ రేకు తెచ్చిన రోజు గుర్తుందా? వెంట్రుక దూరేంత రంధ్రాలు, వేలకు వేలు. ముప్పై ఏళ్లు చక్కెర జాలీలు శుభ్రం చేసిన చెయ్యి కాబట్టి ఒక్క రంధ్రమూ మూసుకోకుండా చూసే పని నాకే అప్పగిస్తున్నానన్నావు. రెక్కను ఆనుకున్న గాలి సుడులు తిరిగి విమానాన్ని వెనక్కి లాగుతుందని, ఆ గాలిని ఈ రంధ్రాల్లోంచి లోపలికి పీల్చేస్తే మిగిలింది నున్నగా జారిపోయి ఇంధనం తక్కువ కాలుతుందని చెప్పావు.

"ఒక్క రెక్క పీల్చి ఇంకోటి పీల్చకుంటే?" అని అడిగాను.

"లేసేటప్పుడు నెమ్మదిగ పోతది గద, అప్పుడైతే పీల్చని దిక్కే పడ్తది బాపూ" అని నవ్వావు.

జ్యోతీ, ఆయుధపూజనాడు ఆ రేకుకు నేను పసుపు పెట్టాను. "గది బిడ్డ నౌకరి సామాను, ముట్టకు" అని అవ్వ అరిచింది. వినలేదు. ఫ్యాక్టరీలో ప్రతి సీజనుకూ జాలీలకు పసుపు పెట్టాకే మిషన్ తిప్పేవాళ్లం. నా బిడ్డ విమానానికి నా చేతి బొట్టు ఉండాలని ఆశపడ్డాను. నూనెలో కలిపిన పసుపు. తుడిచాను, కిరోసిన్‌తో కడిగాను, పైన తళతళలాడింది. ఎండకు పట్టి చూస్తే జానెడు మేర వెలుతురు రాలేదు. సూదితో పొడిచినా రాలేదు.

మరునాడు నువ్వు రేకు తీసుకుపోవడానికి వచ్చి "రంధ్రాలన్ని సూసినవా బాపూ?" అన్నావు.

"సూసిన బిడ్డా, మంచిగున్నది" అన్నాను. నీ ముందు చేతగానివాణ్ని కావడానికి సిగ్గేసింది.

నిన్నటి నుంచి నీ ఫోను స్విచ్ఛాఫ్. పరీక్షల వారం గేటు దగ్గరే పెట్టిస్తారన్నావు గదా. ఆఫీసుకు చేసి రేకు గురించి చెప్పబోతే, నువ్వెవరని ఒకాయన హిందీలో అడిగి పెట్టేశాడు. అందుకే ఈ ఉత్తరం నేనే తెస్తున్నాను. పదకొండు బస్సుకు హైదరాబాద్, అక్కడి నుంచి రైలు. రేపు పొద్దున ఎనిమిదికి బెంగళూరు చేరుతుందట, ఆలస్యం కాకుంటే. గేటు లోపలికి రానివ్వరని తెలుసు. ఈ కాగితమైనా నీకు చేర్చమని వాచ్‌మన్ కాళ్లు పట్టుకుంటాను.

ఇది చదువుతున్నావంటే ఇంకా నేల మీదే ఉన్నావు. ఎక్కకు బిడ్డా. మా బాపు అబద్ధమాడాడని అందరి ముందూ చెప్పు.

ఇట్లు,
గేటు బయట నిలబడి ఉన్న
నీ బాపు,
ముత్తన్న