పెత్రమాస నాడు చాయ

రవళి బాపూ,

నిన్న పెత్రమాస. పోయినవాళ్ళకు ఇష్టమైనవి పెట్టే రోజు కదా, నన్నూ మన రవళినీ వదిలి నువ్వు పోయినప్పటి నుంచి ఏటా నీ ఫోటో ముందు మటన్ కూర, పక్కన క్వార్టరు సీసా పెడుతున్నాను.

పోయిన ఆదివారం నీ తమ్ముడు శీను, వాడి భార్య లత నన్ను కోరుట్లకు తీసుకుపోయారు. "ఇంటోళ్ళు గూడ రావచ్చట అక్కా," అంది లత. అక్కడ టైలర్ దుకాణం మీది గదిలో తాగుడు మానాలనుకునేవాళ్ళు వారం వారం కలుస్తారు. ఎనిమిదేళ్ళుగా కలుస్తున్నారట. నువ్వున్నన్నాళ్ళూ నిన్ను వైన్స్ నుంచి ఆటోలో వేసుకుని ఆ మెట్ల ముందు నుంచే ఇంటికి తెచ్చాను. పైన ఇట్లాంటిది ఉందని ఒక్కరూ చెప్పలేదు.

శీను లేచి, "నా పేరు శీను. తాగక నాలుగు నెలలాయె," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. లత కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేనూ చప్పట్లు కొట్టాను. కొడుతూనే, వీడు రేపే మళ్ళీ తాగితే బాగుండు అనుకున్నాను. నేనెన్ని మొక్కినా నాకు దొరకనిది లతకెట్లా దొరికింది?

తర్వాత స్టీలు గ్లాసుల్లో చాయ ఇచ్చారు. "గీ చాయ కోసమే అస్తున్న వదినె," అంటూ శీను నవ్వాడు. అచ్చం నీ నవ్వే.

నిన్న నేను సీసా కొనలేదు. మటన్ పక్కన స్టీలు గ్లాసుతో చాయ పెట్టాను.

మీ అమ్మ చూసి, "వాడు గిది ముడుతడా బిడ్డా?" అంది.

"లత మొగడు గిదే తాగుతుండు గద అత్తమ్మా," అన్నాను. "నా మొగడు గూడ తాగాలె."