వెనక్కి తిరిగిన వేలు

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ నేనూ, అత్తయ్యా కులాసా. ఆ రాళ్ల గోతిలో మీరు కూడా కులాసాగా, వేళకు తింటూ ఉన్నారని నమ్ముతున్నాను. నమ్మకమే, రుజువేమీ లేదు.

ముందు మీరడిగినవాటికి జవాబులు. వంటింటి కుళాయి కారడం ఆగింది. అత్తయ్య మోకాలు ఫరవాలేదు; మిమ్మల్ని తిట్టేటప్పుడు మాత్రం అసలు నొప్పే ఉండటం లేదు. ఇక "నా పిచ్చుక ఎలా ఉంది?" అన్నారు. కూర్చుని చదవండి.

మీరు తవ్వి మ్యూజియానికి పంపిన సబ్బుబిళ్లంత రాయిలోంచి ఆ శిలాజ పిట్ట ఎముకల్ని నేను సూదితో విడదీయడం పూర్తయింది. వెనకుండే వేలు కాక ఇంకొకటి కూడా వెనక్కి ఉంటే, రాతి బరువుకి విరిగి తిరిగిందని మీరు రాశారు, నేనూ తలూపాను. పిచ్చుక జాతి అనుకున్నాం కదా, మూడు వేళ్లు ముందుకు, ఒకటే వెనక్కి ఉండాలి మరి! తీరా వేళ్లు అతికే చోట చివరి పొర గీకేసరికి, ఆ వేలి కీలు పక్కన, వేలు వెనక్కి తిరగడానికే ఏర్పడిన చిన్న బొడిపె కనిపించింది. వేలు విరగలేదండీ! పుట్టుకతోనే వెనక్కి తిరిగి ఉంది. రెండు ముందుకు, రెండు వెనక్కు.

చిలక్కీ అంతే కదా అంటారు. దాని కాలు పొట్టి, లావు, మన పిట్టది సన్నం. అయినా మా పక్షుల విభాగం పెద్దాయన తేలిగ్గా లొంగలేదు. "కాలు చూసి చుట్టరికం కలపకూడదమ్మా, పిచ్చుకల పాత బంధువుల్లోనూ ఇలాంటి పాదాలున్నాయి" అంటూ సొరుగులన్నీ లాగి రెక్క ఎముకలు పక్కపక్కన పేర్చారు. చివరికి కళ్లద్దాలు తీసి, "వడ్రంగి పిట్ట, కంసాలి పిట్ట, పెద్దముక్కు టూకాన్, అందరిదీ ఒకే వంశం. ఇది వాళ్ల దూరపు పెద్దమ్మ" అన్నారు. కాకపోతే చెట్టు తొలిచే పని ఇంకా నేర్వలేదట. అది విని అత్తయ్య, "మావాడికి దొరికింది కదా, పని రాని పిట్టే అయ్యుంటుందిలే" అన్నారు.

ఇప్పుడొక మాట. కోప్పడకండి. ఆ బొడిపె కనిపించిన రోజు నేనెవరికీ చెప్పలేదు. ఇదీ మామూలు పిచ్చుకే అయితే గొయ్యి పూడ్చి మిమ్మల్ని ఇంటికి పంపేస్తామన్నారు కదా మ్యూజియం వాళ్లు. కొత్తదైతే ఇంకో రెండేళ్లు తవ్వకం. రాయి మీద గుడ్డ కప్పి, ఇంటికొచ్చి మీ ఖాళీ కుర్చీ ఎదురుగా కూర్చున్నాను. మీరు లేని ఇల్లు నాకు బాగాలేదండీ. కానీ మీరు అంత అపురూపంగా దూదిలో చుట్టి పంపిన పిట్టని ఇంకొకరి ఇంటిపేరుతో పిలవడానికి మనసొప్పలేదు. తెల్లారగానే వెళ్లి పెద్దాయనకి చెప్పేశాను.

కాబట్టి తవ్వకం ఆగదు. మీరు రారు.

అయితే, అంత సన్నటి ఎముకలు దారిలో విరుగుతాయి, శుభ్రం చేసేవాళ్లే అక్కడికి వెళ్లాలన్నారు పెద్దాయన. చెయ్యెత్తింది నేనొక్కదాన్నే. సూదులూ, మైక్రోస్కోపూ సర్దేశాను. "వేళకు తింటున్నాడో లేదో కళ్లారా చూస్తా" అని అత్తయ్య తన దిండు కూడా సర్దారు. ఆదివారం బస్సు దిగుతాం. గుడారంలో ఇంకో రెండు మంచాలకి చోటు చేయండి, గడ్డం గీసుకోండి.

ఇట్లు,
ఆ పిట్టకన్నా ముందే మీకు దొరికిన
మీ ఇల్లాలు