తూనీగ తగిలిన లారీ

శుక్రవారం రాత్రి, భోజనాలయ్యాక

మనవరాలు సుజాతది ఇంటర్‌లో చేరినప్పటినుంచీ ఒకటే గొడవ. కాలేజీకి సైకిల్ మీద వెళ్తుందట. బందరు రోడ్డు మీద లారీ తోలినవాణ్ణి, నాకు తెలియదా? వద్దన్నాను.

సాయంత్రం లెక్కలు చేసుకుంటూ నవ్వింది.

"తాతయ్యా, ఎదురొచ్చిన తూనీగ అద్దానికి కొట్టుకుంటే నీ లారీ వేగం తగ్గుద్ది, తెలుసా?"

"జన్మంతా తోలానే. తూనీగకి తగ్గిన బండిని నేనెక్కడా చూళ్ళేదు."

"తగ్గుద్ది. తూనీగ ఊపు ఊరికే పోదుగా, అంత మేరా లారీ ఊపు తగ్గాల్సిందే. లారీ బరువెక్కువ కాబట్టి నీకు తెలీదంతే."

"మరి తూనీగ గతేంటే?"

దాని నవ్వు ఆగింది. "నుజ్జే."

"సైకిలైనా అంతేనమ్మా."

పుస్తకాలు సర్దుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "అందుకే లారీకి ఎదురు పోను తాతయ్యా, అంచున పోతా," అంది మెల్లగా.

నేను మాట మార్చుకునే మనిషిని కాను. అన్నం తింటున్నంతసేపూ ఆ మాటే చెవిలో ఉంది. నా మొహం చూసి ఎవరూ కనిపెట్టలేదనుకుంటా.

పొద్దున్నే దాని సైకిల్‌కి గాలి కొట్టాలి. లారీకి కట్టినట్టే ముందు నిమ్మకాయ, మిరపకాయలు కట్టాలి. మొదటి రోజు మాత్రం, దానికి తెలియకుండా, వెనకాలే నేనూ సైకిల్ మీద...