బందరు నుంచి వచ్చిన తాళిబొట్టు

అమ్మణ్ణీ,

బందరులో మీరు దిగిన సత్రం వంటామె సుందరమ్మ పేరున ఈ ఉత్తరం వేస్తున్నాను. నువ్వు ఆ ఊళ్ళోనే ఉంటే ఆమె నీకు అందిస్తుందని ఆశ.

కోట, తెల్లదొరల గోరీలు చూపిస్తానని నాలుగు రోజులకు నిన్ను తీసుకుపోయిన నీ మొగుడు ఒక్కడే మన ఊరు కెంచనగుడ్డకు తిరిగొచ్చాడు. సముద్ర స్నానంలో అల నిన్ను లాక్కుపోయిందట, శవం దొరకలేదట. నేనూ నమ్మి వారం రోజులు ఏడ్చాను. నిన్న నీ తాళిబొట్టు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"శవమే దొరకలేదంటివి, ఇది యాడ దొరికిందప్పా?" అన్నాను.

"నీళ్ళలోకి పోతా పోతా తీసి నా చేతికిచ్చిండె, అత్తా," అని తల వంచుకున్నాడు.

స్నానానికి తాళి తీసే ఆడది మన ఇళ్ళలో ఎవరే? బందరు నుంచి అతను తిరిగి తెచ్చిన నీ పెట్టె తెరిచి చూస్తే నీ చీరలు రెండు, దువ్వెన కూడా లేవు. నువ్వే తాళి తీసిచ్చి వెళ్ళిపోయావని నా మనసు చెబుతోంది. ఇంకో అనుమానమూ వస్తుంది. అది రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఎల్లుండి నీ పెద్దకర్మ అంటున్నారు. పిండం పెట్టనివ్వనని చెప్పాను. ఊరంతా నాకు పిచ్చంటోంది.

ఎందుకు పోయావని అడగను. ఉన్నానని ఒక్క ముక్క రాయి. రెండు పూటలా కడుపునిండా అన్నం తిను.